యూనిఫై కంట్రోలర్‌ను కొత్త క్లౌడ్ సర్వర్‌కు మార్చడం: ఒక్క యాక్సెస్ పాయింట్‌ను కూడా రీసెట్ చేయకుండా

యుబిక్విటీ వాళ్ళ యూనిఫై కంట్రోలర్‌ను (ఆ కంపెనీ నెట్‌వర్క్ పరికరాలన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) క్లౌడ్‌లో పెట్టుకుని నాలుగైదు బ్రాంచిల వైఫై, స్విచ్‌లు నడిపేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆ సర్వర్‌ను మార్చక తప్పదు. ఉబుంటు 20.04 కు మామూలు సపోర్ట్ 2025 మేతో ఆగిపోయింది కాబట్టి చాలామందికి ఆ సమయం ఇప్పటికే వచ్చి ఉంటుంది. కొందరికి మెమరీ చాలదు, కొందరికి నెల బిల్లు ఎక్కువవుతుంది, ఇంకొందరు పాత వెండార్ అకౌంట్ నుంచి సొంత అకౌంట్‌లోకి రావాలనుకుంటారు. కారణం ఏదైనా పని ఒకటే.

కొత్త మెషీన్ తీసుకోవడం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, బ్యాకప్ రిస్టోర్ చేయడం పెద్ద విషయాలు కావు. ఎక్కడో హాస్టల్ మూడో అంతస్తులో సీలింగ్‌కు బిగించి ఉన్న యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) కొత్త సర్వర్‌ను తనంతట తాను వెతుక్కుని రావడమే అసలు పని. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని గురించే.

పరికరాలు సర్వర్‌ను ఎలా కనుక్కుంటాయి

కంట్రోలర్ పరికరాల దగ్గరికి వెళ్ళదు, పరికరాలే దాని దగ్గరికి వస్తాయి. ప్రతి యాక్సెస్ పాయింట్, స్విచ్ తనలో దాచుకున్న ఒక అడ్రస్‌కు కొన్ని సెకన్లకోసారి కబురు పంపుతూ ఉంటాయి. ఆ అడ్రస్‌నే ఇన్‌ఫార్మ్ యూఆర్‌ఎల్ అంటారు. అందులో సర్వర్ ఐపీ గానీ పేరు గానీ, పోర్ట్ 8080, చివర ఇన్‌ఫార్మ్ అనే మాట ఉంటాయి. ఆ కబురు మామూలు హెచ్‌టీటీపీ మీద వెళ్ళినా, లోపలి సమాచారం ఆ పరికరానికి మాత్రమే కేటాయించిన కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అడాప్ట్ చేసిన, అంటే పరికరాన్ని కంట్రోలర్‌కు అప్పగించిన, రోజున ఆ కీ తయారై, ఒక కాపీ పరికరంలో, ఇంకో కాపీ కంట్రోలర్ డేటాబేస్‌లో చేరుతుంది.

అంటే మార్పిడిలో మనం కాపాడుకోవాల్సినవి అడ్రస్, కీ. కీలన్నీ బ్యాకప్ ఫైల్‌లోనే వస్తాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. బ్యాకప్ లేకుండా ఖాళీ కంట్రోలర్ పెట్టి "అన్నీ మళ్ళీ అడాప్ట్ చేద్దాంలే" అనుకుంటే మాత్రం నిచ్చెన వేసుకుని ఒక్కో పరికరానికీ రీసెట్ బటన్ నొక్కుతూ తిరగాల్సి రావచ్చు. అడ్రస్ సంగతి మాత్రం మనం ముందుగానే చూసుకోవాలి.

ఇంకో మాట. వైఫై వాడేవాళ్ళ డేటా కంట్రోలర్ గుండా వెళ్ళదు. కాబట్టి మార్పిడి సమయంలో కంట్రోలర్ ఓ గంట ఆగినా మామూలు పాస్‌వర్డ్ ఉన్న వైఫై ఆగదు. గెస్ట్ పోర్టల్ పేజీ, వోచర్లు మాత్రం కంట్రోలర్ మీదే ఆధారపడతాయి. లాడ్జి, హాస్పిటల్, ఫంక్షన్ హాల్ లాంటి చోట్ల గెస్ట్ వైఫై వాడుతుంటే జనం లేని వేళ చూసుకోండి.

వారం ముందే: ఐపీ నుంచి పేరుకు మారండి

మీ పరికరాలు ప్రస్తుతం పాత సర్వర్ ఐపీని పట్టుకుని ఉంటే, సర్వర్‌ను మార్చడానికి ముందే వాటిని ఒక డొమైన్ పేరుకు మార్చండి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతా మార్పిడి అంతా ఒక డీఎన్‌ఎస్ రికార్డు (ఏ పేరుకు ఏ ఐపీ అని చెప్పే ఎంట్రీ) మార్చడంతో అయిపోతుంది. చేయకపోతే ఆరోజు టెన్షన్ మామూలుగా ఉండదు.

మీ డొమైన్‌లో కంట్రోలర్ కోసం ఒక సబ్‌డొమైన్ పెట్టి, దాని 'ఏ' (A) రికార్డును ముందు పాత సర్వర్ ఐపీకే చూపించండి. డొమైన్ క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంటే ఈ రికార్డుకు ప్రాక్సీ ఆపేయండి. ఆరెంజ్ మేఘం గుర్తు బూడిద రంగులోకి రావాలి. ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆ పేరు మీ సర్వర్ ఐపీని కాకుండా క్లౌడ్‌ఫ్లేర్ ఐపీని ఇస్తుంది, స్టన్ (పరికరానికి, కంట్రోలర్‌కు మధ్య దారి కనుక్కునే పద్ధతి) వాడే యూడీపీ పోర్ట్ 3478 ఆ దారిలో వెళ్ళదు.

తర్వాత ప్రతి బ్రాంచిలో ఒక ల్యాప్‌టాప్ నుంచి ఎన్ఎస్‌లుకప్ కమాండ్ కొట్టించి ఆ పేరు సరైన ఐపీ ఇస్తోందో లేదో చూడండి. ఇది మానేయొద్దు. కొన్ని ఆఫీసుల్లో లోకల్ డీఎన్‌ఎస్ సర్వర్ ఉంటుంది, అందులో ఎవరో ఎప్పుడో పెట్టిన పాత ఎంట్రీ బయటి రికార్డును కప్పేస్తుంది.

అన్ని చోట్లా సరిపోయాక పాత కంట్రోలర్ సెట్టింగ్స్‌లో ఓవర్‌రైడ్ ఇన్‌ఫార్మ్ హోస్ట్ అనే ఆప్షన్ ఆన్ చేసి ఆ పేరు ఇవ్వండి. వెర్షన్ వెర్షన్‌కూ మెనూలో దీని చోటు మారుతూ ఉంటుంది కాబట్టి సెట్టింగ్స్ పైన ఉన్న సెర్చ్‌లో ఇన్‌ఫార్మ్ అని వెతకడం తేలిక. సేవ్ నొక్కే ముందు స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చూసుకోండి. ఇక్కడ తప్పు పేరు పడితే పరికరాలన్నీ ఒకేసారి లేని అడ్రస్ కోసం బయల్దేరతాయి, వాటిని వెనక్కి పిలవడానికి కంట్రోలర్‌కు దారి ఉండదు.

మార్పు నిజంగా చేరిందా లేదా అన్నది పరికరాన్నే అడిగి తెలుసుకోవచ్చు. ఒక యాక్సెస్ పాయింట్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే పద్ధతి) వెళ్ళి ఇన్ఫో అనే కమాండ్ ఇవ్వండి. మోడల్, వెర్షన్, మ్యాక్ అడ్రస్, ఐపీ, ఎంతసేపటి నుంచి ఆన్‌లో ఉందో చూపించి, చివరి లైన్‌లో స్టేటస్ కనెక్టెడ్ అని, దాని పక్కన ఇన్‌ఫార్మ్ యూఆర్‌ఎల్ చూపిస్తుంది. అక్కడ అంకెలు పోయి మీ పేరు వచ్చిందంటే ఆ పరికరం సిద్ధం. ప్రతి బ్రాంచి నుంచి ఒకట్రెండు చూడండి.

పాత సర్వర్‌లో లెక్క తేల్చుకోండి

కంట్రోలర్‌లో ఆఫ్‌లైన్ అని చూపించే పరికరాల లిస్టు తీయండి. మార్పిడి తర్వాత తలనొప్పి తెచ్చేవి ఇవే, ఎందుకంటే పేరు మార్చిన కబురు వీటికి అందలేదు. మన కాలేజీల్లో ఇది ప్రత్యేకంగా చూడాలి. వేసవి సెలవుల్లో హాస్టల్ బ్లాక్‌కు కరెంటు ఆపేస్తారు, నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు ఇచ్చే పీవోఈ స్విచ్‌తో పాటు యాక్సెస్ పాయింట్లన్నీ ఆగిపోతాయి. మేలో మీరు సర్వర్ మార్చేస్తే జూన్‌లో పిల్లలు వచ్చినప్పుడు అవి లేచి పాత ఐపీ కోసం వెతుకుతాయి. వార్డెన్‌తో మాట్లాడి ఒక పూట కరెంటు ఆన్ చేయించి, అన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చి కొత్త పేరు అందుకున్నాక మళ్ళీ ఆపుకోమనండి.

పరికరాల ఎస్‌ఎస్‌హెచ్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సెట్టింగ్స్‌లో చూసి వేరే చోట రాసి పెట్టుకోండి. కంట్రోలర్ వెర్షన్ నంబరు, సిస్టమ్ ప్రాపర్టీస్ ఫైల్‌లో మీరు చేత్తో మార్చినవి ఏమైనా ఉంటే అవి, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ ఎలా పెట్టారో, ఈమెయిల్ పంపే సెట్టింగ్ ఏమిటో కూడా నోట్ చేసుకోండి.

డీఎన్‌ఎస్ రికార్డు టీటీఎల్‌ను (పాత జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే సమయం) ఒక రోజు ముందు 300 సెకన్లకు తగ్గించండి.

కొత్త మెషీన్

ఓ యాభై పరికరాల దాకా ఉన్న నెట్‌వర్క్‌కు 2 జీబీ మెమరీ ఉన్న మెషీన్, దానికి 2 జీబీ స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) సరిపోతాయి. అంతకు మించితే 4 జీబీ తీసుకోండి. 1 జీబీ మెషీన్‌లో కంట్రోలర్ నడిచే జావా, దాని డేటాబేస్ మాంగోడీబీ రెండూ పోట్లాడుకుని ఏదో ఒక రాత్రి లైనక్స్ ఒకదాన్ని చంపేస్తుంది, కాబట్టి అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దని నా సలహా.

రీజియన్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఏడబ్ల్యూఎస్‌కు ముంబైతో పాటు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్ ఉంది. ఒరాకిల్ క్లౌడ్‌కు ముంబై, హైదరాబాద్, డిజిటల్‌ఓషన్‌కు బెంగళూరు ఉన్నాయి. ఇన్‌ఫార్మ్ ట్రాఫిక్ చాలా చిన్నది, ఏది తీసుకున్నా యూజర్లకు తేడా తెలియదు. మీకు వెబ్ పేజీ కొంచెం చురుగ్గా తెరుచుకుంటుంది, అంతే.

ప్రాసెసర్ మాత్రం చూసుకోవాలి. మాంగోడీబీ 5.0 నుంచి ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ఏవీఎక్స్ అనే సౌకర్యం తప్పనిసరి. కొంతమంది చిన్న వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) ప్రొవైడర్లు వర్చువల్ మెషీన్‌కు పాతకాలపు సీపీయూ మోడల్ చూపిస్తారు, దాంతో అసలు ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ ఉన్నా మెషీన్‌కు కనిపించదు. అన్నీ సరిగ్గా ఇన్‌స్టాల్ అయినట్టే ఉంటుంది, మాంగో మొదలవగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని పడిపోతుంది. డబ్బు కట్టిన వెంటనే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ ఇచ్చి ఫ్లాగ్స్ లైన్‌లో ఏవీఎక్స్ ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే ఆగి వేరే మెషీన్ తీసుకోండి. ఆర్మ్ మెషీన్ అయితే ఆర్మ్ 8.2 గానీ ఆపైన గానీ కావాలి. ఒరాకిల్ ఆంపియర్ మెషీన్లకు ఈ ఇబ్బంది లేదు.

టైమ్ జోన్ ఏషియా-కోల్‌కతా పెట్టండి. లేకపోతే రాత్రి రెండింటికి అనుకున్న పనులు ఉదయం ఏడున్నరకు, అందరూ లాగిన్ అయ్యే వేళకు జరుగుతాయి.

ఫైర్‌వాల్

టీసీపీ 8080, యూడీపీ 3478 తెరవాలి. అన్ని బ్రాంచిలకూ స్టాటిక్ ఐపీ ఉంటే ఆ ఐపీలకు మాత్రమే తెరవండి. చాలామందికి ఉండదు కాబట్టి అందరికీ తెరవాల్సి వస్తుంది, అదేం తప్పు కాదు. గెస్ట్ పోర్టల్ ఉంటే 8880, 8843 కూడా కావాలి.

అడ్మిన్ పేజీ ఉండే 8443, ఎస్‌ఎస్‌హెచ్ 22 మాత్రం మీ ఆఫీసు ఐపీకి, లేదా వీపీఎన్‌కు తప్ప ఎవరికీ తెరవొద్దు. 2021 డిసెంబరులో లాగ్4జె అనే జావా లైబ్రరీలో బయటపడ్డ లోపం యూనిఫై కంట్రోలర్‌నూ తాకింది, యుబిక్విటీ 6.5.54 వెర్షన్‌తో దాన్ని సరిచేసింది. అప్పుడు లాగిన్ పేజీని ఇంటర్నెట్ మొత్తానికి తెరిచి పెట్టినవాళ్ళు పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ప్రమాదంలోనే ఉన్నారు.

27117 మీద మాంగో లోపల్లోపల నడుస్తుంది, దాన్ని బయటకు ఎప్పుడూ తెరవొద్దు. 10001 లోకల్ నెట్‌వర్క్‌లో పరికరాలను కనుక్కోవడానికి, క్లౌడ్‌లో దానితో పని లేదు.

ఒరాకిల్ క్లౌడ్ వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. వెబ్ కన్సోల్‌లో సెక్యూరిటీ లిస్టులో పోర్ట్ తెరిచినా, వాళ్ళ ఉబుంటు ఇమేజ్ లోపల ఐపీటేబుల్స్ రూల్స్ ముందే ఉంటాయి, అవి ఎస్‌ఎస్‌హెచ్ తప్ప మిగతావన్నీ ఆపేస్తాయి. రెండు చోట్లా తెరవాలి.

ఇన్‌స్టాల్, ఆపైన ఒక ట్రయల్ రిస్టోర్

పాత సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో సరిగ్గా అదే వెర్షన్ కొత్త దాంట్లో ఎక్కించండి. కొత్త వెర్షన్ బ్యాకప్ పాత వెర్షన్‌లోకి రాదు. పాత బ్యాకప్ కొత్త వెర్షన్‌లోకి వస్తుంది గానీ, సర్వర్ మార్పు, వెర్షన్ మార్పు ఒకే రోజు పెట్టుకుంటే ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో తేల్చలేం. అప్‌గ్రేడ్ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక ఏపీటీ-మార్క్ హోల్డ్ పెట్టి ఆ ప్యాకేజీ తనంతట తాను మారకుండా ఆపండి.

కంట్రోలర్ 7.5 నుంచి జావా 17 కావాలి, 8.1 నుంచి మాంగోడీబీ 7.0 దాకా పనిచేస్తుంది. మీ వెర్షన్‌కు ఏవి కావాలో దాని రిలీజ్ నోట్స్‌లో ఉంటుంది, అది చూసే ఎక్కించండి. పాత సర్వర్‌లో మాంగో 3.6 ఉన్నా కంగారు పడక్కర్లేదు. బ్యాకప్ ఫైల్‌లో ఉండేది డేటాబేస్ నుంచి బయటకు తీసిన సమాచారం, మాంగో ఫైళ్ళు యథాతథంగా కాదు. అందుకే పాత సర్వర్ డేటా ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేయడం కన్నా బ్యాకప్ దారే మేలు. డిస్క్ స్నాప్‌షాట్ తీసి కొత్త మెషీన్‌గా లేపడం కూడా నాకు నచ్చదు. వదిలించుకోవాలనుకున్న పాత ఉబుంటు కూడా మనతోనే వస్తుంది.

ఇప్పుడు పాత కంట్రోలర్‌లో ఒక బ్యాకప్ డౌన్‌లోడ్ చేయండి. హిస్టరీ ఎన్ని రోజులది కావాలని అడుగుతుంది. సెట్టింగ్స్ మాత్రమే తీసుకుంటే ఫైల్ చిన్నగా ఉండి పని త్వరగా అవుతుంది. గ్రాఫులు, పాత క్లయింట్ వివరాలు కావాలనుకుంటే 30 రోజులు తీసుకోండి. కొత్త సర్వర్ 8443 తెరిస్తే మొదటి సెటప్ పేజీలోనే బ్యాకప్ నుంచి రిస్టోర్ చేసే ఆప్షన్ ఉంటుంది. ఫైల్ ఇచ్చాక కొన్ని నిమిషాలు పేజీ స్పందించకపోవచ్చు. ఆగిపోయిందని రీస్టార్ట్ చేయకండి, సర్వర్ లాగ్‌ను టెయిల్ పెట్టి చూస్తుంటే జరుగుతున్నది తెలుస్తుంది. కంట్రోలర్‌కు ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి ఉంటే దాని అప్‌లోడ్ పరిమితి మామూలుగా 1 ఎంబీ మాత్రమే, పెద్ద బ్యాకప్ 413 ఎర్రర్‌తో తిరిగి వస్తుంది. నేరుగా 8443 కు వెళ్ళి అప్‌లోడ్ చేస్తే గొడవ ఉండదు.

రిస్టోర్ అయ్యాక సైట్లు, వైఫై పేర్లు, వీల్యాన్‌లు, అడ్మిన్ అకౌంట్లు అన్నీ కనిపించాలి. పరికరాలన్నీ ఆఫ్‌లైన్ అని ఉంటాయి, అది సహజమే, అవి ఇంకా పాత సర్వర్‌తోనే మాట్లాడుతున్నాయి. ఓవర్‌రైడ్ ఇన్‌ఫార్మ్ హోస్ట్‌లో పేరే ఉందో లేదో ఇక్కడ మళ్ళీ చూడండి. పాత ఐపీ ఉండిపోతే, కొత్త సర్వర్‌కు వచ్చిన పరికరాలను కొత్త సర్వరే మళ్ళీ పాత చోటికి పంపేస్తుంది. చూసినంత సేపు చూసి, ఈ ట్రయల్ కంట్రోలర్ సర్వీస్‌ను ఆపేయండి.

మార్పిడి రోజు

ముందుగా అడ్మిన్ లాగిన్ ఉన్న అందరికీ చెప్పండి: ఈ రోజు కొత్త పరికరం అడాప్ట్ చేయొద్దు, సెట్టింగ్స్ ముట్టుకోవద్దు అని. చివరి బ్యాకప్ తర్వాత అడాప్ట్ అయిన పరికరం కీ ఆ ఫైల్‌లో ఉండదు, కొత్త కంట్రోలర్‌కు అది పరాయి పరికరమే.

1. పాత కంట్రోలర్‌లో చివరి బ్యాకప్ తీసి మీ కంప్యూటర్‌లోకి దింపుకోండి.

2. పాత సర్వర్‌లో యూనిఫై సర్వీస్‌ను ఆపండి. ఆపడంతో పాటు డిజేబుల్ కూడా చేయండి, లేకపోతే ఆ మెషీన్ ఎప్పుడైనా రీబూట్ అయినప్పుడు కంట్రోలర్ మళ్ళీ లేచి కూర్చుంటుంది.

3. కొత్త సర్వర్‌లో కంట్రోలర్ మొదలుపెట్టి చివరి బ్యాకప్ రిస్టోర్ చేయండి.

4. డీఎన్‌ఎస్ రికార్డును కొత్త ఐపీకి మార్చండి. పేరుకు ఐపీవీ6 రికార్డు కూడా ఉంటే దాన్నీ మార్చండి, లేదా తీసేయండి.

5. పరికరాల పేజీ తెరిచి పెట్టుకుని కూర్చోండి.

టీటీఎల్ 300 పెట్టారు కాబట్టి అయిదు నిమిషాల నుంచే ఒక్కొక్కటి ఆన్‌లైన్‌లోకి రావడం మొదలవుతుంది. కొన్ని కాసేపు ప్రొవిజనింగ్ అని చూపిస్తాయి, ఆ సమయంలో వైఫై క్షణం పాటు తెగి రావచ్చు. కాలేజీలైతే ఆన్‌లైన్ పరీక్ష, అడ్మిషన్ కౌన్సెలింగ్ ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

పాత, కొత్త మెషీన్లు రెండూ ఒకే క్లౌడ్‌లో, ఒకే రీజియన్‌లో, ఒకే అకౌంట్‌లో ఉంటే ఇంతకన్నా తేలిక దారి ఉంది. ఏడబ్ల్యూఎస్‌లో ఎలాస్టిక్ ఐపీని పాత మెషీన్ నుంచి విడదీసి కొత్తదానికి తగిలిస్తే అడ్రస్ మారనే మారదు, నాలుగో స్టెప్ అవసరం లేదు. ఆ వీలున్నా సరే, పేరుకు మారడం మాత్రం మానొద్దు. వచ్చేసారి క్లౌడే మారవచ్చు.

రాకుండా ఉండిపోయినవి

అరగంట తర్వాత కూడా రాని పరికరాలను బ్రాంచిల వారీగా చూడండి. ఒక బ్రాంచి మొత్తం రాలేదంటే సమస్య ఆ బ్రాంచి డీఎన్‌ఎస్‌లోనో, అక్కడి ఫైర్‌వాల్ పాత ఐపీకి మాత్రమే బయటకు వెళ్ళే అనుమతి ఇచ్చి ఉండటంలోనో ఉంటుంది. పరికరాల్ని కెలకొద్దు, ఆ రెండూ చూడండి.

ఒకటీ అరా మాత్రమే రాకపోతే, పీవోఈ స్విచ్‌లో ఆ పోర్ట్‌కు ఒకసారి పవర్ తీసి పెట్టించండి. అయినా రాకపోతే అదే లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో పరికరంలోకి వెళ్ళాలి. ముందే రాసి పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇక్కడ పనికొస్తుంది. ఇన్ఫో కొట్టి అది ఎవరి కోసం వెతుకుతోందో చూసి, సెట్-ఇన్‌ఫార్మ్ కమాండ్‌తో కొత్త పేరున్న పూర్తి యూఆర్‌ఎల్ ఇవ్వండి. పోర్ట్ 8080, చివర స్లాష్ ఇన్‌ఫార్మ్ మర్చిపోవద్దు. బ్రాంచిలో ఎనీడెస్క్ పెట్టుకున్న కంప్యూటర్ ఒకటి ఉంటే మీరు కూర్చున్న చోటి నుంచే ఇదంతా అయిపోతుంది.

వేరే కంట్రోలర్ చేతిలో ఉంది అన్న అర్థంలో మెసేజ్ వస్తే కీ కలవలేదని. చివరి బ్యాకప్ తర్వాత ఎవరో అడాప్ట్ చేసి ఉంటారు. దానికి మాత్రం రీసెట్ బటన్‌ను పది సెకన్ల పైన నొక్కి పట్టి, మళ్ళీ అడాప్ట్ చేయడం తేలిక మార్గం.

ఒక్క కస్టమర్ సైట్‌నే మార్చాలంటే

పది మంది కస్టమర్లను ఒకే కంట్రోలర్‌లో నడుపుతూ, ఒకరిని మాత్రమే వేరే సర్వర్‌కు పంపాల్సి వస్తే పూర్తి బ్యాకప్ వాడకూడదు. ఎక్స్‌పోర్ట్ సైట్ ఆప్షన్ వాడాలి. సైట్ ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది, కొత్త కంట్రోలర్‌లో ఇంపోర్ట్ సైట్‌తో దాన్ని ఎక్కిస్తారు, తర్వాత పాత కంట్రోలర్ విజార్డ్‌లో కొత్త సర్వర్ అడ్రస్ ఇచ్చి పరికరాలను ఎంచుకుంటే అవి అటు వెళ్తాయి.

విజార్డ్ చివర పాత కంట్రోలర్‌లో ఆ పరికరాలను ఫర్గెట్ చేయమంటుంది. అన్నీ కొత్త కంట్రోలర్‌లో ఆన్‌లైన్ అయ్యాయని కళ్ళారా చూసేదాకా ఆ బటన్ నొక్కొద్దు. ఇంకా పాత కంట్రోలర్‌తోనే కనెక్ట్ అయి ఉన్న పరికరాన్ని ఫర్గెట్ చేస్తే అది ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కు వెళ్ళిపోతుంది, కస్టమర్ ఆఫీసులో వైఫై ఆగిపోతుంది.

మిగిలిన పనులు

సర్టిఫికెట్ కొత్త సర్వర్‌లో మళ్ళీ పెట్టాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడితే, పోర్ట్ 80 ద్వారా ధ్రువీకరణ చేసే పద్ధతిలో డీఎన్‌ఎస్ మారాకే కొత్త సర్టిఫికెట్ వస్తుంది. ఈమెయిల్ అలర్ట్‌లకు ఒక టెస్ట్ మెయిల్ పంపి చూడండి. పెద్ద క్లౌడ్‌లు మామూలుగా పోర్ట్ 25 ను ఆపేస్తాయి, ఎక్కువ చోట్ల 587 వాడొచ్చు. రిమోట్ యాక్సెస్ వాడుతుంటే కొత్తదాంట్లో మళ్ళీ ఆన్ చేయండి. గెస్ట్ పోర్టల్ ఉంటే ఒక ఫోన్‌తో నిజంగా కనెక్ట్ అయి వోచర్ కొట్టి చూడండి. ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో చూసి, ఆ ఫోల్డర్ రోజూ సర్వర్ బయట ఇంకో చోటికి కాపీ అయ్యేలా క్రాన్‌లో పెట్టండి. అదే మెషీన్‌లో ఉన్న బ్యాకప్ ఆ మెషీన్ పోయిన రోజు పనికిరాదు.

పాత మెషీన్‌ను రెండు వారాలు సర్వీస్ ఆపి అలాగే ఉంచండి. ఏదైనా పరికరం ఇంకా ఆ ఐపీని వెతుకుతోందా అని అక్కడ టీసీపీడంప్ పెట్టి 8080 కు వచ్చే ట్రాఫిక్ చూడొచ్చు. ఎక్కడి నుంచి వస్తోందో ఆ పబ్లిక్ ఐపీ చెబుతుంది, దాన్నిబట్టి ఏ బ్రాంచిలో పరికరం మిగిలిపోయిందో తెలిసిపోతుంది. ఆ ట్రాఫిక్ పూర్తిగా ఆగాకే మెషీన్ తీసేయండి. ముందే ఐపీని వదిలేస్తే క్లౌడ్ ప్రొవైడర్ దాన్ని ఇంకెవరికో ఇస్తాడు, మీ పరికరాలు ముక్కూ మొహం తెలియని వాళ్ళ సర్వర్‌కు కబుర్లు పంపుతూ ఉంటాయి.

తీసేసేటప్పుడు మెషీన్‌తో పాటు దాని డిస్క్, స్నాప్‌షాట్‌లు, ఐపీ విడివిడిగా చూసి తొలగించండి. ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు, వాడుతున్నా ఖాళీగా ఉన్నా, గంటకు 0.005 డాలర్ల చొప్పున వసూలు చేస్తోంది. మెషీన్ పోయి ఐపీ మిగిలితే నెలనెలా బిల్లులో అది వస్తూనే ఉంటుంది.